మా ఖాడీకి వచ్చిన పోర్చుగల్ చుట్టం

మా అక్కకు పోర్చుగల్‌లో ఒక దోస్తు ఉంది. ఈ వాక్యం రాసి నేనే ఒకసారి లేచి, మంచినీళ్లు తాగొచ్చి, మళ్లీ చదువుకున్నాను. తప్పేం లేదు, అట్లాగే ఉంది. మా భివండిలోని నార్పోలి నుంచి పక్కూరు కల్యాణ్ దాకా పోవాలన్నా మూడు సంచులు సర్దుకుని, ఇరుగుపొరుగుకు పేరుపేరునా చెప్పి, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ ఆటో ఎక్కే మనిషికి సముద్రాల అవతల దోస్తు.

అంతా ఒక ముడి దగ్గర మొదలైంది.

మా బావకు నార్పోలిలో ఆరు సాంచాలున్నాయి. సాంచా అంటే మరమగ్గం. అది బట్ట తయారుచేసే యంత్రమని బయటివాళ్లు అనుకుంటారు. కాదు, అది చప్పుడు తయారుచేసే యంత్రం. బట్ట ఏదో మొహమాటానికి వెంట వస్తుంది. పెళ్లయినప్పటి నుంచి ఆ చప్పుడులో కాపురం చేయడం వల్ల మా బావ రహస్యం చెప్పినా అవతలి పేట టెంఘర్‌లో నలుగురు తలుపులు తీసి "పిలిచిండ్రా?" అని అడుగుతారు. అక్కది ఇంకో దారి. ఆమె అసలు మాట్లాడటమే మానేసింది. అన్నానికి రమ్మనాలంటే ఎడమ కనుబొమ్మ, చుట్టాలొచ్చారంటే కుడి కనుబొమ్మ, కోపమొస్తే రెండూ.

అక్క పని ముడులు వేయడం. సాంచా మీద పోగులు చుట్టిన పాత బీము అయిపోయి కొత్తది ఎక్కించినప్పుడు, పాత పోగు కొసకు కొత్త పోగు కొస ముడేసి అతకాలి. అట్లా వేలకు వేలు. ఆమె వేళ్లు ఆ పనిలో ఎంత ముదిరిపోయాయంటే, దోమ కాలికి గజ్జె కట్టమంటే కట్టి, ఆ దోమను ఆడించి పంపిస్తుంది. ఆ వేళ్లను నా మేనకోడలు, అంటే అక్క కూతురు, ఫోన్లో వీడియో తీసి పెట్టింది. కాలేజీ పిల్ల, దానికి వేరే పనేముంది?

పోర్చుగల్‌లో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో, చేపల వలలు బాగుచేసే ఒకామె ఆ వీడియో చూసింది. చూసి, తను వలకు ముడి వేస్తూ ఇంకో వీడియో పంపింది. అక్క దాన్ని చూసి రెండు కనుబొమ్మలూ పైకెత్తి, చాలా కాలానికి నోరు తెరిచింది.

"అగో! ఇది నా ముడే గదనే!"

నిజమే. పోగుకు వేసే ముడీ, వలకు వేసే ముడీ ఒక్కటే. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో మనకు తెలియదు. బావ మాత్రం మన దగ్గర్నే దొంగిలించారని ఇప్పటికీ పట్టుబడతాడు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఫోను. ఒకరి మాటను ఇంకొకరి భాషలోకి మార్చి చెప్పేది కూడా ఆ ఫోనే. శుక్రవారం మా ఊళ్లో సాంచాలకు సెలవు, ఆ రోజు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే కొందరికి భయమేసి డాక్టరు దగ్గరికి పోతారు. ఆ ఫోనులో పోర్చుగల్ ఆమెతో పాటు ఐర్లండ్‌లోని ఒక చిన్న ఊరివాళ్లూ, మొరాకోలోని ఒక చిన్న ఊరివాళ్లూ ఉంటారు. అన్నీ సముద్రపు ఒడ్డు ఊళ్లే. ఎప్పుడో ఐర్లండ్ పడవ ఒకటి తుఫానుకు పోర్చుగల్ వాళ్ల ఒడ్డున ఆగిందట, అప్పటి నుంచి ఊరికీ ఊరికీ దోస్తీ. మేయర్లు లేరు, శాలువాలు లేవు, రిబ్బను కత్తిరించింది లేదు. మాట మొదలయ్యే ముందు ఎవరి నీళ్లు వాళ్లు ఫోన్లో చూపించాలి, అదొక్కటే మర్యాద. మనం "అన్నం తిన్నరా?" అన్నట్టు, వాళ్లు నీళ్లు చూపిస్తారు. అక్క మిద్దె మీదకెక్కి చూపించేది. షెడ్ల రేకులూ, గోదాములూ దాటాక దూరంగా ఖాడీ నీళ్లు ఎండకు తళతళమనేవి. అక్కడి నుంచి చూస్తే నాకే చేపలు పట్టాలనిపించేది.

ఆ ఒక్క గంట అక్క మాట్లాడేది, వాళ్లు వినేవాళ్లు. ఆరు రోజుల మాటలు కూడబెట్టుకుని కూర్చునేది. ఇంట్లో ఆమె గొంతు ఎట్లా ఉంటుందో ఆ శుక్రవారాల వల్లే నాకు మళ్లీ తెలిసింది.

పోర్చుగల్ ఆమె వలల షెడ్డు గోడ మీద దోస్తు ఊళ్ల పేర్లు రంగుతో రాసి ఉంటాయి, ఏ ఊరి పేరు ఆ ఊరి అక్షరాల్లో. ఆమె స్వయంగా వచ్చి, ఆ ఊరి సముద్రంలో కాలు పెట్టి పోతేనే గోడెక్కడం. ఒక శుక్రవారం ఆమె నవ్వుతూ చెప్పింది, వచ్చే నెల మా ఊరికి వస్తున్నానని.

అక్క సంతోషంతో ఊరందరికీ సర్వపిండి చేసి పంచింది. ఆ రోజు నూనెకు నార్పోలిలో కరువొచ్చింది.

పిండి చల్లారకముందే మేనకోడలు బాంబు పేల్చింది.

"అమ్మా, ఆమె సముద్రం చూడనీకి వస్తుంది. మనకు సముద్రం ఏది?"

"ఖాడీ ఉన్నది గద."

"ఖాడీ అంటే ఆ ఫోను ఏమని చెప్పిందో ఎరుకేనా?"

ఇక్కడ కొంచెం భాషల గొడవ. ఆ ఫోను మా తెలుగును తెలుగుగా ఒప్పుకోలేదు. అక్క "గట్లనా" అంటే అది ఏ దేశపు రాజధానో అని వెతుక్కునేది. అందుకని అక్క తన బజారు హిందీలో మాట్లాడేది, ఫోను దాన్ని పోర్చుగీసు చేసేది. "మీ ఇల్లెక్కడ?" అని మొదటి వారమే ఆమె అడిగితే అక్క "ఖాడీ కే బాజూ మే" అంది. మా ఊళ్లో ఖాడీ అంటే మరాఠీ ఖాడీ, సముద్రం ఎక్కడి నుంచో తప్పిపోయి ఊరి వెనక దాకా వచ్చిన పాయ. ఫోనుకు తెలిసింది పుస్తకాల హిందీ. పుస్తకాల హిందీలో ఖాడీ అంటే అఖాతం. బంగాళాఖాతానికి వాళ్లు వాడే మాట కూడా అదే. అంటే ఒక్క మాటతో మా నార్పోలి వెనకున్న బురద, చెన్నై నుంచి కలకత్తా దాకా పరుచుకున్న నీళ్లతో సమానమై కూర్చుంది.

"మన ఖాడీని ఖాడీ అనక ఏమంటరే?" అంది అక్క.

తర్వాతి శుక్రవారం ఉన్నమాట చెప్పేద్దామని కూర్చుంది. "మాది సముందర్ కాదు, ఖాడీ" అంది. ఫోను చెప్పింది. పోర్చుగల్ ఆమె ముఖం వెలిగిపోయింది. "మాది కూడా అఖాతమే!" అందట.

"అట్ల కాదు, నాలా అనుకో" అంది అక్క.

ఫోనుకు నాలా అంటే కాలువ. ఆమె చప్పట్లు కొట్టింది. "కాలువలున్న ఊరా! ఇంటి ముందుకే పడవలొస్తాయా?"

వెనక నుంచి బావ రంకె వేశాడు. "ఇగ సాలు, ఫోను పెట్టేయ్! ఇంకో మాటంటే అది మన ఇంటి ముంగట ఓడరేవు కడ్తది!"

అక్క ఫోను పెట్టేసి, చాలాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఖాళీగా ఉన్న ఆ చేతులు చూస్తే నాకు దిగులేసింది. అవి ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"తమ్మీ, ఆమె అచ్చి బురద సూస్తది" అంది. "సూసి ఏమనదు, మంచిది. గని గోడ మీద రాయది. రాయకుంటే ఇగ శుక్రవారం నన్నెందుకు పిలుస్తరు? ఒడ్డు లేనోళ్లు ఒడ్డోళ్లతోని ఏం మాట్లాడ్తరు?"

నాకు కామత్‌ఘర్‌లో సాంచాల విడిభాగాల దుకాణం ఉంది, అందులో అన్నీ దొరుకుతాయి గానీ ఇలాంటి ప్రశ్నలకు జవాబులు దొరకవు.

ఆ తర్వాతి రోజులు మా ఇంటిల్లిపాదికీ ఒంట్లో చీమలు పారినట్టే గడిచాయి. అక్క కడిగిన గ్లాసులే కడిగి కడిగి, వాటి మీది గీతలు పోగొట్టింది. నేను బెల్టు అడిగినవాడికి నట్లు ఇచ్చి, నట్లు అడిగినవాడితో కొట్లాడి, దుకాణం షట్టరు పైకీ కిందికీ లాగి లాగి దానికి ఆయాసం తెప్పించాను. బావ సాంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ నేల అరగదీశాడు. రోజూ ముగ్గురమూ వేర్వేరుగా, ఒకరికి తెలియకుండా ఒకరం ఖాడీ చూసి రావడానికి పోయేవాళ్లం, అక్కడ ఎదురుపడి, "ఊరికెనే అచ్చిన" అని ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. ఒక రోజు నీళ్లు నిండుగా ఉండేవి. ఇంకో రోజు నల్ల బురద, దాని మీద కొంగలు, ప్లాస్టిక్ సంచులు, ఒంటరి చెప్పు ఒకటి.

"నిన్న నిండుగుండె గదా బావా?"

"ఎవడో ఎనక గేటు బంద్ చేసిండు" అన్నాడు బావ, అన్నీ తెలిసినవాడిలా. ఈ ఊళ్లో ఏది ఆగినా ఎవరో ఎక్కడో బంద్ చేసినట్టే మాకు లెక్క. కరెంటు అంతే, నల్లా అంతే. ఖాడీ దానికేమన్నా గొప్పా?

ఉపాయాలకు కొదవ లేదు. కామత్‌ఘర్ చెరువు చూపించి ఇదే సముద్రమని అందామన్నాను. "అవతలి ఒడ్డు మీద ఆటోలు కనవడ్తయి రా" అంది అక్క. బావ ఇంకా పెద్దగా ఆలోచించాడు.

"సీదా విమానం కాడికెల్లి పోర్చుగల్ ఒదినెను బొంబాయి జుహూ ఒడ్డుకు తీస్కపోదాం. గిదే మన ఊరందాం. భేల్‌పురి తినవెట్టి గట్ల నుంచి గట్లనే విమానం ఎక్కిద్దాం."

అక్క రెండు కనుబొమ్మలూ ఎత్తింది. అవి చాలక మాట కూడా కలిపింది. "నా దోస్తుకు నా ఊరు సూపిస్త. పక్కోళ్ల ఊరు సూపిస్తనా?"

ఆ మాటతో ఉపాయాలు ఆగాయి గానీ ఒంట్లో చీమలు ఆగలేదు.

ఆమె శుక్రవారం నాడే దిగింది. ఊరి బయటి గోదాముల దగ్గర లారీల వరుసలో ఆమె టాక్సీ ఎంతసేపు ఇరుక్కుందంటే, ఇంకాసేపుంటే ఆమెకు అక్కడే రేషన్ కార్డు ఇచ్చేవాళ్లు. మనిషి పడవంత ఉంది. అరవై దాటి ఉంటాయి. దిగగానే అక్కను కౌగిలించుకుని "అమీగా! అమీగా!" అంది.

బావ ఉలిక్కిపడ్డాడు. "అమ్మేగా అంటుందేంది బామ్మర్దీ? సాంచాలు అమ్ముతున్ననని ఈమెకెవలు జెప్పిండ్రు?"

"అమీగా అంటే దోస్తు, బాపూ" అంది మేనకోడలు.

సంచిలోంచి ఆమె డబ్బాల్లో పెట్టిన చేపలు తీసి మా ముందు పేర్చింది. కొన్ని కావు, మా సందులో కొత్త గోడ కట్టుకోవచ్చు. అక్క అన్నం వడ్డించబోతే, ఆమె చేత్తో వారించి ఫోనులో ఏదో అంది. ఫోను మా హిందీలో చెప్పింది, ముందు నీళ్లు, తర్వాత అన్నం.

అక్క చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది.

అందరం ఆటో ఎక్కాం. ఖాడీ దగ్గర దిగి చూశాం. ఎవడో గేటు బంద్ చేసినట్టే ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్ల బురద. నడుమ ఎక్కడో తాడంత నీటి చార. కొంగలు ఉన్నాయి, ఒంటరి చెప్పు కూడా ఉన్నచోటే ఉంది. వాసన గురించి నేను రాయను, రాస్తే ఈ కాగితం పట్టుకోలేరు.

అక్క పట్టుచీర కొంగును వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది. తర్వాత ఫోను తీసుకుని, హిందీలో, ఒక్కో మాట విడివిడిగా చెప్పింది. "యహీ హై. ఔర్ కుఛ్ నహీ హై." ఇదే ఉంది, ఇంకేమీ లేదు.

ఫోను చెప్పింది. ఆమె విన్నది. బురద వంక ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ముక్కు ఎగబీల్చింది. చివరికి ఆమె ఒక ప్రశ్న అడిగింది. ఫోను దాన్ని హిందీ చేసింది.

"పానీ కబ్ ఆతా హై?"

నీళ్లు ఎప్పుడొస్తాయి? ఈ ప్రశ్న భివండిలో ఎవర్నడిగినా జవాబు నిద్రలో కూడా చెబుతారు. బావ ముందుకొచ్చి ఛాతీ విరిచి చెప్పేశాడు. "రెండు దినాలకోసారి. పొద్దుగాల ఒక్క గంట. నడుమ నడుమ ఆగుతది. మోటారు పెట్టి గుంజుకోవాలె, లేకుంటే పక్కింటోడు గుంజుకుంటడు."

మేనకోడలు దాన్ని హిందీ చేస్తే, ఫోను అంతా శ్రద్ధగా చెప్పింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. బురద వంక చూసింది, బావ వంక చూసింది, ఆకాశం వంక కూడా చూసింది. ఆమె అడిగింది ఫోనులో విని మేనకోడలు చెప్పింది. "మోటారు పెట్టి గుంజుతరా? సముద్రాన్నా?"

చెబుతూనే అది పకపకా నవ్వింది. "బాపూ, ఆమె నళాచ పాణీ కాదు అడిగేది, ఖాడీచ పాణీ!" నల్లా నీళ్లు కాదు, ఖాడీ నీళ్లు.

"ఖాడీల నీళ్లొచ్చుడేంది?" అన్నాడు బావ. "ఉంటే ఉంటయి, లేకుంటే లేవు."

పోర్చుగల్ ఆమె చెప్పులు విప్పి, గట్టు దిగి, ఒక వెదురుపుల్ల ఏరుకుని, బురదకూ ఆ నీటి చారకూ మధ్య గుచ్చింది. వచ్చి, గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది, పక్కన నేలను తట్టి అక్కను కూర్చోమంది. అక్క కూర్చోలేదు. మోకాళ్లకు పట్టుచీర ఎగగట్టి తనూ దిగింది. అక్క చేతికి ఎప్పుడూ గాజుల పక్కన నాలుగు పోగులు చుట్టి ఉంటాయి, పని అలవాటు. ఒక తెల్ల పోగు తెంపి పుల్లకు జానెడు ఎత్తులో ముడేసి, అప్పుడు వచ్చి కూర్చుంది.

సముద్రపు ఒడ్డువాళ్లకు కూర్చోవడం వచ్చు. మాకు రాదు. ఆమె కూర్చున్న తీరు చూస్తే అక్కడే పుట్టిన రాయిలా ఉంది. నేను కూర్చున్నాను, లేచాను, చాయ్ తెచ్చాను, గ్లాసులు ఇచ్చొచ్చాను, మళ్లీ చాయ్ తెచ్చాను. చాయ్‌వాడు నన్ను భాగస్థుణ్ణి చేసుకుంటానన్నాడు. బావ గట్టు మీద పచార్లు చేస్తూ, సెలవు రోజున సాంచాల చప్పుడు లేక, నోటితోనే ఖట్ ఖట్‌మని తాళం వేసుకున్నాడు.

"దేనికోసం కూసున్నమే?" అని కూతుర్ని అడిగాడు.

"నీళ్లొస్తయట."

"ఎవలు ఇడుస్తరు?"

అక్క మాత్రం పుల్ల మీద నుంచి చూపు తీయలేదు. ఆమె దోస్తు సంచిలోంచి వల దారం ముక్క తీసి ఇచ్చింది. ఇద్దరూ చూపు పుల్ల మీదే పెట్టి, చేతుల్లో మాత్రం ముడి మీద ముడి వేస్తూ పోయారు. ఇటువైపు నుంచి ఈమె, అటువైపు నుంచి ఆమె. ఎవరి ముడి ఏదో నాకు తెలియలేదు.

ముందు చూసింది అక్కే.

"తమ్మీ, ఆ ప్లేటు సూడు!"

నీటి చారలో ఒక థర్మోకోల్ ప్లేటు. మేం వచ్చినప్పటి నుంచి సముద్రం దిక్కుకు పోతున్నది కాస్తా ఆగింది. ఏదో ఇంట్లో మర్చిపోయినట్టు ఒక్క చుట్టు తిరిగింది. ఊరి వైపు బయలుదేరింది.

"ఎనకకు పోతున్నయి రా నీళ్లు! ఎనకకు పోతున్నయి!"

చార వెడల్పయింది. బురద మీద సన్నటి నాలుకలు పాకాయి. పుల్ల మొదలు తడిసింది. ఇన్నేళ్ల నుంచి ఈ ఊళ్లో ఉంటున్నాం, సముద్రం రోజూ పోటు మీద మా ఇంటి వెనక దాకా వచ్చి, ఎవరూ పలకరించకపోతే తిరిగి పోతోందని మాకెవరికీ తెలియదు. నీళ్లు పోగును తాకాయి, ముడిని ముంచాయి.

"ముడి మునిగింది!" అంది అక్క. ఆ గొంతు టెంఘర్ దాకా వినిపించి ఉంటుంది.

పోర్చుగల్ ఆమె లేచి, గబగబా దిగి, చీలమండ దాకా నీళ్లలో నిలబడి, వేలితో కిందికి చూపిస్తూ అరిచింది. "మార్! మార్!"

బావ నాలుగు అడుగులు వెనక్కి వేశాడు. "ఏందే, ఎవల్ని కొట్టుమంటుంది?"

"మార్ అంటే సముద్రం, బాపూ! సముద్రం అంటుంది!"

అక్క విన్నది. కొంగుతో ముఖమంతా తుడుచుకుంది, ముఖం మీద ఏమీ లేకపోయినా.

పోర్చుగల్ ఆమె ఫోను పట్టుకుని తొందర తొందరగా ఏదో అంది. మీ ఊరి పేరు మీ అక్షరాల్లో రాసివ్వు, గోడకు కావాలి. కాగితం ఎవరి దగ్గరా లేదు. అక్క పుల్ల పీకి, ఇంకా మునగని బురద మీద వంగింది. "భ" రాసింది, గుడి పెట్టింది. నీళ్లు పాక్కుంటూ వస్తున్నాయి. "వ" రాసి, సున్న చుట్టింది.

"జల్ది రాయే!" అన్నాడు బావ, తనే పరుగు పందెంలో ఉన్నట్టు. పోర్చుగల్ ఆమె ఫోను చాచి ఫొటో కోసం వంగింది. బావ మళ్లీ అందుకున్నాడు. "రెండు దినాలకోసారన్న గదా, ఇయ్యాల మన ఒంతే ఉన్నట్టుంది!"

మేనకోడలు ఆ ముక్క కూడా ఫోనుకు చెప్పింది. ఫోను పోర్చుగీసులో చెప్పింది. ఆమె బావ వంక చూసి, ఎంతో మర్యాదగా తలాడించింది.

అక్క "డ" రాసి, దాని మీద గుడి పెట్టబోతుండగా "భ" సగం కరిగింది.

"అగో, మొదలు పోతుంది! ఆగుమను తమ్మీ!"

"ఎవర్నక్కా?"

"నీళ్లను!"